పసుపుచార బండి

షట్టరును నడుం దాకా ఎత్తేసరికి ఊపిరి చాలలేదు. ఖమీస్ దాన్ని భుజంతో ఆపి నిలబడ్డాడు. ఫిబ్రవరి గాలి అల్జీరియా కొండలు దిగి వచ్చి తాజెరూయిన్ ఊరి రోడ్డు పొడవునా ఈలవేస్తోంది. ఎదుటి కాఫీ కొట్టువాడు చూస్తున్నాడేమోనని, షట్టరు గాడిలో గ్రీజు పరీక్షిస్తున్నట్టు తల వంచాడు. కాసేపటికి ఒక్క తోపు తోశాడు. ఇనుము గలగలలాడుతూ పైకి పోయింది.

కొట్టంటే ఒకటే గది. దూలానికి పాత డైనమోలు వెల్లుల్లి జడల్లా వేలాడుతున్నాయి. గోడ వారగా బల్ల మీద రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీలు వరసగా ఉన్నాయి. గది నిండా యాసిడ్ వాసన. మొదటిసారి లోపలికి వచ్చినవాళ్లకు కళ్లు మండేవి. ఖమీస్‌కు మాత్రం ఆ వాసన లేని చోట ఏదో మరిచిపోయి వచ్చినట్టుండేది. ఒక్కో బ్యాటరీ దగ్గరా వంగి, మూతలు తీసి, లోపలి నీళ్లు బుడగలు కక్కడం చూశాడు. మీటరు ముల్లు ఆనించాడు. మంచిదాన్ని కుడికి, చచ్చినదాన్ని ఎడమకు జరిపాడు. మనిషి పొడుగరి, బక్కపలచన. మీసం నెరిసి, కొసలు పొగాకుకు పసుపెక్కాయి. వేళ్ల చివర్లు యాసిడ్‌కు కాలి కాలి నున్నబడ్డాయి. నీలం కోటు ఎడమ చెయ్యి మణికట్టు దాకా బొత్తాం పెట్టి ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది. పాదాలు పొంగడం వల్ల బూట్ల లేసులు కట్టుకోలేదు.

గురువారం పుట్టాడు కాబట్టి, అరబ్బీలో ఆ వారం పేరే పెట్టి ఖమీస్ అన్నారు. జెరిస్సా ఇనుప గనిలో పనిచేసిన తండ్రి పేరు కోసం అంతకు మించి కష్టపడలేదు. మీసం మొలవకముందే ఈ కొట్టులో పనికి చేరాడు. యజమాని పోయాక అదే కొట్టును తనే అద్దెకు తీసుకున్నాడు. ఈడువాళ్లు సగం మంది ఇటలీకీ ఫ్రాన్సుకీ పోయారు. సైన్యంలో ఉండగా రాజధాని చూసి వచ్చిన ఖమీస్‌ను, నువ్వెందుకు పోలేదని ఎవరైనా అడిగితే, "అక్కడ బళ్లు ఎక్కువ, బాగుచేసేవాళ్లూ ఎక్కువే. ఇక్కడ బళ్లు తక్కువ, నేనొక్కణ్ణే" అనేవాడు. పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్లను అత్తవారింటికి పంపాడు. తన బతుకు గురించి చెప్పమంటే రెండు మాటల్లో తేల్చేసేవాడు. బ్యాటరీ గురించి చెప్పమంటే మాత్రం సాయంత్రం దాకా వదిలేవాడు కాదు.

చెప్పనిదొకటి ఉంది. కిందటి శరత్కాలంలో పట్నం వెళ్లి, డాక్టరు చెప్పినట్టు ఎడమచేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టించుకున్నాడు. మూత్రపిండాలు రెండూ పనిమానేస్తున్నాయన్నారు. చెయ్యి కుదురుకోగానే రక్తం శుభ్రం చేసే యంత్రానికి ఎక్కాలన్నారు. చెయ్యి కుదురుకుంది. రమ్మన్న రోజు మాత్రం ఖమీస్ వెళ్లలేదు. మామూలుగానే కొట్టు తెరిచి, ఒక లారీ సెల్ఫు మోటారు విప్పుతూ కూచున్నాడు. భార్య జొహ్రాకు నరం పట్టేసిందని చెప్పాడు. రాత్రి ఆ చెయ్యి తలకింద పెట్టుకుంటే చర్మం కింద సీసాలో పడ్డ తుమ్మెదలా రొద వినిపించేది.

ఎండ గడప దాటే వేళకు పసుపుచార బండి ఒకటి చప్పుడు లేకుండా వాలులో జారుకుంటూ వచ్చి కొట్టుముందు ఆగింది. పల్లెల నుంచి పట్నానికి జనాన్ని చేరవేసే అమ్మార్ బండి అది. స్టీరింగు పట్టుకుని అమ్మార్ కూచున్నాడు. ముందు సీట్లో తెల్ల సఫ్సారీ ముసుగు కప్పుకుని మన్నూబియా ఉంది. సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారకముందే ఈ బండి డయాలిసిస్ రోగులను ఎక్కించుకుని కెఫ్ పట్నం వెళ్తుంది. రోగుల్లో అందరికంటే పెద్దది మన్నూబియా. ఈరోజు మంగళవారం, ఆమెకు సెలవు రోజు. అయినా వచ్చింది.

"బాబాయ్, ఇది బండి కాదు, మా అత్త" అన్నాడు అమ్మార్ దిగుతూనే. "పగలంతా గుర్రంలా తిరుగుతుంది. తెల్లారేసరికి పీనుగు. కొత్త బ్యాటరీ వేయించా. అదీ చచ్చింది. ఇంకోటి వేయించా, దానిదీ అదే గతి. రోజూ వాలులో పెట్టి దొర్లించుకుంటున్నా."

"నీ అత్త కోడి కూయకముందే లేచి నీకు రొట్టె కాలుస్తుందిరా. నోరుంది కదా అని అనకు" అంది మన్నూబియా, సీట్లోంచి కాళ్లు ఒక్కొక్కటే కిందికి దింపుకుంటూ. "ఒరే ఖమీస్, నిన్న వీడి బండి వాలులో కూడా లేవలేదు. తోసి తోసి పట్నం చేరేసరికి పొద్దెక్కింది. ఆలస్యంగా వెళ్తే ఏముంది, వెనక వచ్చేవాళ్లు కాచుకుని ఉంటారు, మాకు సమయం కోసేశారు. సగం నీళ్లు ఒంట్లోనే మిగిలాయి. రాత్రంతా కూచునే నిద్రపోయా. రేపు మళ్లీ ఇదే జరిగితే నన్ను పట్నం కాదు, శ్మశానానికి తోసుకుపోవాలి."

"అలా అనకు పిన్నీ" అన్నాడు ఖమీస్.

"అంటాను. ఆరుగురం ఎక్కుతాం ఇందులో. సరిగ్గా చూస్తావో లేదోనని దగ్గరుండి చేయించుకోడానికే వచ్చా."

ఖమీస్ ఆమెకు బ్యాటరీ పెట్టె బోర్లించి, పైన గోనె మడత వేశాడు. ఆమె కూచుంది. అతను బండి జోలికి పోకుండా బానెట్‌కు ఆనుకుని అమ్మార్‌ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఒక్క రాత్రికే చస్తోందా, రెండు రాత్రులకా? వాన రోజున ఎక్కువా? ఈమధ్య బండిలో కొత్తగా ఏమైనా తగిలించావా?

చివరి ప్రశ్నకు అమ్మార్ తల గోక్కున్నాడు. "ఒక నీలం లైటు పెట్టా. డాష్‌బోర్డు కింద. దిష్టికి."

"దిష్టికి చేప తోక ఉందిగా, చెయ్యి బొమ్మ ఉందిగా."

"మూడూ ఉంటే మంచిది కదా బాబాయ్. ఎవరి కన్నో పడింది దీనిమీద. మా అత్త మొన్న 'బండి బాగుంది అల్లుడూ' అంది. మాషా అల్లా అనలేదు."

"దిష్టి తగిలితే టైరు పేలుతుంది. బ్యాటరీని తాగేది దిష్టి కాదు, తీగె" అన్నాడు ఖమీస్.

బానెట్ ఎత్తాడు. ముందు బ్యాటరీ మొనలను గీకి శుభ్రం చేశాడు. బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు చూశాడు. ఇంకో బ్యాటరీ తగిలించి ఇంజను ఆడించి, మీటరు పెట్టాడు. చార్జింగు లోటు లేకుండా వస్తోంది. అంటే కుండ నిండుతోంది. నిండిన కుండ పొద్దుటికి ఖాళీ అవుతోందంటే ఎక్కడో చిల్లి ఉంది. ఇంజను ఆపించాడు. తాళంచెవి తీయించాడు. తలుపులన్నీ మూయించాడు. బ్యాటరీ నల్లతీగెను విప్పి, తీగెకూ మొనకూ మధ్య ఒక చిన్న బల్బు కట్టాడు.

బల్బు ఎర్రగా, మసగ్గా వెలిగింది.

"చూశావా?" అన్నాడు. "బండి నిద్రపోతోంది. అయినా లోపల ఎవరో మేలుకుని తింటున్నారు."

మన్నూబియా మెడ చాచి చూసింది. "దొంగెవడో పట్టుకో మరి."

ఖమీస్‌కు ఈ పని ఇష్టం. విరిగినది కళ్లకు కనిపిస్తుంది. కారేది కనిపించదు, కాబట్టి వెతకాలి. తొందరపడకుండా ఒక్కో దారినీ మూస్తూ పోతే చివరికి దొంగ నిలబడాల్సిందే. కరెంటుకు అబద్ధమాడడం రాదని అతని నమ్మకం. అబద్ధం బండి యజమానుల దగ్గరే ఎక్కువ ఉండేది. ముందు అమ్మార్ నీలం లైటు తీగె పీకాడు. బల్బు పిసరంత తగ్గింది కానీ ఆరలేదు. "నీ దిష్టి లైటు చిల్లర దొంగ. పెద్దవాడు ఇంకా ఉన్నాడు" అన్నాడు. తర్వాత ఫ్యూజుల పెట్టె ముందు మోకాళ్లమీద కూచున్నాడు. రేడియోది తీశాడు. బల్బు వెలుగుతూనే ఉంది. హారన్‌ది తీశాడు. దీపాలవి తీశాడు. ఒక్కొక్కటీ తీసి, అమ్మార్ అరచేతిలో పెట్టి, బల్బు వైపు తల తిప్పి చూస్తున్నాడు. పెట్టె ఖాళీ అయింది. బల్బు మాత్రం ఆ మసక కన్ను అలాగే తెరుచుకుని చూస్తోంది.

"అయిపోయాయి బాబాయ్. ఇప్పుడు?"

ఖమీస్ లేవబోయాడు. మోకాళ్లు లేచాయి, తల లేవలేదు. బండి తలుపు పట్టుకున్నాడు. నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి. కళ్లముందు కాఫీ కొట్టు ఒకసారి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది.

"ఇప్పుడు భోంచేద్దాం" అన్నాడు, ముందే అనుకున్నట్టు. నల్లతీగె మళ్లీ బిగించాడు. "ఇంజను పూర్తిగా చల్లారాలి. గాలి ఉంది, బానెట్ తెరిచే ఉంచు."

ఎదుటి కొట్టు నుంచి అమ్మార్ లబ్‌లాబీ గిన్నెలు తెచ్చాడు. ఎండురొట్టె ముక్కల మీద పొగలు కక్కే శనగలు, చారు, పైన ఎర్రటి హరీసా కారం. మన్నూబియా తన మూట విప్పి ఉప్పులేని కెస్రా రొట్టె తుంచుకుంది. ఖమీస్ మామూలుగా రెండు చెంచాల హరీసా కలుపుతాడు. చెంచా ఎత్తగానే ఆమె చూపు దానిమీద పడింది. చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"ఆపావేం? తిను" అంది.

"ఈరోజు ఆకలి లేదు పిన్నీ."

"నాకూ మొదట్లో ఆకలుండేది కాదు. నోరు తుప్పు పట్టినట్టుండేది. బూట్లకు లేసులు కట్టుకోవేం?"

ఖమీస్ బూట్లను వెనక్కి లాక్కున్నాడు. ఆమె వంగి, మడిచి ఉన్న కుడిచేతిని కాకుండా బొత్తాం పెట్టిన ఎడమచేతిని పట్టుకుంది. కోటు గుడ్డ మీంచే ఆమె వేళ్లు తిన్నగా వెళ్లి మోచేతి కింద ఆగాయి. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. అలాంటి కుట్టే తన చేతిలో ఎక్కడుందో ఆమెకు తెలుసు.

"శుక్రవారం పొద్దున నర్సు వార్డులో మూడుసార్లు పిలిచింది" అంది మెల్లగా. "ఖమీస్ వెస్లాతీ, ఖమీస్ వెస్లాతీ, ఖమీస్ వెస్లాతీ అని. మా తాజెరూయిన్‌లో ఆ పేరు ఒక్కడికే ఉందమ్మా, వస్తాడులే అన్నా. నా పక్క మంచం మేం తిరిగి బయల్దేరేదాకా ఖాళీగానే ఉంది."

అమ్మార్ నములుతున్నవాడు నమలడం ఆపేశాడు. "ఏంటి బాబాయ్ ఇది? ఏం మంచం?"

"నువ్వు తిను" అన్నాడు ఖమీస్.

"వాడు తింటాడు, వాడికేం. నువ్వు చెప్పు. ఎందుకు రాలేదు? భయమా?"

ఖమీస్ గిన్నెను పక్కకు జరిపాడు. భయమంటే సులువుగా ఒప్పుకునేవాడే. అది కాదు. "పిన్నీ, నలభై ఏళ్లుగా ఈ కొట్లో నేను జనానికి చెప్పే మాట ఒకటే. రోజు మార్చి రోజు చార్జింగు పెట్టాల్సిన బ్యాటరీ పనికిరాదు, దాన్ని పారెయ్యండి అని. ఇప్పుడు నేనే వెళ్లి అలా తీగెలు తగిలించుకుని పడుకుంటే..."

మాట పూర్తికాలేదు. మన్నూబియా ఒళ్లంతా కదిలేలా నవ్వింది. సఫ్సారీ జారిపోతే మళ్లీ తలమీదికి లాక్కుని కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఒక్కసారిగా ఆపేసింది.

"ఆరేళ్లుగా పెట్టుకుంటున్నా రోజు మార్చి రోజు. ఈ ఆరేళ్లలో ఇద్దరు మనవరాళ్లకు పెళ్లి చేశా. ఆలివ్ తోట దులిపించా. మా ఆడపడుచుతో మూడుసార్లు పోట్లాడి మూడుసార్లు గెలిచా. నన్ను పారేస్తావా? ఏ మూల పారేస్తావు? చూపించు, వెళ్లి కూచుంటా."

ఖమీస్ తల దించుకున్నాడు. తనన్న మాట ఎవరి ముందు అన్నాడో ఇప్పుడే చెవిన పడింది.

"నేనలా అనలేదు పిన్నీ."

"అన్నావు. అన్నావుగానీ పోనీలే. బండి చూడు ముందు."

గిన్నెలు తీసేశారు. ఇంజను మీద గాలి చాలాసేపే ఆడింది. ఖమీస్ బానెట్ లోపలికి వంగి, ఇంజను మీద అరచెయ్యి వేశాడు. మంచులా చల్లగా ఉంది. రేడియేటరూ అంతే, సెల్ఫు మోటారూ అంతే. చెయ్యి ఇంకా కిందికి పోనిచ్చి డైనమో వీపు మీద పెట్టాడు. అక్కడే ఉంచేశాడు. మీసం కింద పెదవి ఒక వైపుకు సాగింది.

"అమ్మార్, ఇలా రా. చెయ్యి పెట్టు."

అమ్మార్ పెట్టాడు. "గోరువెచ్చగా ఉంది."

"ఇంజనంతా చల్లారి ఇది ఒక్కటే ఎందుకు వెచ్చగా ఉంది? తింటోంది కాబట్టి. దీన్నుంచి బ్యాటరీకి పోయే లావు తీగె ఫ్యూజు పెట్టెలోకి పోదు. అందుకే అక్కడ దొరకలేదు." మళ్లీ బల్బు కట్టాడు. మసగ్గా వెలిగింది. డైనమో వెనక లావు తీగె మర విప్పి, తీగెను పక్కకు లాగాడు. బల్బు టపీమని ఆరింది.

మన్నూబియా చప్పట్లు కొట్టింది.

"లోపల డయోడ్లుంటాయి" అన్నాడు ఖమీస్, గొంతు పొద్దుటికంటే బిగ్గరగా. "వాకిలి తలుపుల్లాంటివి. కరెంటును బ్యాటరీ వైపు పోనివ్వాలి, వెనక్కి రానివ్వకూడదు. ఒక తలుపు కొక్కెం ఊడింది. పగలు తను నింపినదాన్ని రాత్రి తనే తాగేస్తోంది. నీ బ్యాటరీలు రెండూ బంగారాలు. నీ అత్త కూడా."

డైనమో విప్పి బల్లమీద పెట్టుకున్నాడు. దూలానికి వేలాడుతున్న వాటిలో ఒకదాన్ని దింపి, దాని డయోడ్ల పళ్లేన్ని పరీక్షించి, మంచిదని తేలాక ఊడదీశాడు. మైనం కరిగించినట్టు సీసం కరిగించి తీగెలు అతికాడు. కూచునే చేశాడు, మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకున్నాడు. తెరిచినప్పుడల్లా వేళ్లు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే సాగాయి. ఎండ ఎదుటి గోడ ఎక్కే వేళకు డైనమోను మళ్లీ బిగించాడు. తీగెలన్నీ కలిపాడు. ఫ్యూజులన్నీ పెట్టాడు. బల్బు కట్టాడు. ముగ్గురూ దానివైపే చూశారు. బల్బు చీకటిగా, నల్లగా, బుద్ధిగా ఉంది.

"రేపు పొద్దున లేస్తుందంటావా?" అన్నాడు అమ్మార్. "నీ మీద అనుమానం కాదు బాబాయ్, నిన్నటి ముఖాలు తలచుకుంటే నాకు నిద్రపట్టదు. ఆరుగురు. ఏదైనా హామీ ఉంటే..."

"హామీ నేను చెప్తా" అంది మన్నూబియా. "రేపు నా పక్కన ముందు సీట్లో వీడే కూచుంటాడు. లేవకపోతే వీడే దిగి తోస్తాడు."

రోడ్డుమీద గొర్రెల లారీ ఒకటి పోయింది. ఖమీస్ మసిగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. గుడ్డను మడిచాడు. బల్లమీద పెట్టాడు. మళ్లీ తీసి మళ్లీ మడిచాడు.

"ముందు సీటు నీది పిన్నీ. అక్కడ నేను కూచోను" అన్నాడు చివరికి. "వెనక కూచుంటా. తోసే పని ఉండదు. లేస్తుంది."

అమ్మార్ గబుక్కున వంగి అతని భుజం ముద్దుపెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక బానెట్ దభీమని మూశాడు. "మెల్లగా మూయరా, పశువా" అన్నాడు ఖమీస్.

ఆ సాయంత్రం ఇంట్లో కుంపటి దగ్గర కూచుని, కోటు బొత్తాం విప్పి, చెయ్యి జొహ్రా ముందు చాచాడు. మాటలు పేర్చుకుంటుండగానే ఆమె ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. మోచేతి కింద పొంగిన చోట రెండు వేళ్లు ఆనించింది.

"ఎన్ని నెలలుగా నా చెవి పక్కనే రొద పెడుతోందిది" అంది. "నరం పట్టిందన్నావు. పట్టిన నరం పాడుతుందా? నువ్వే చెబుతావని చూస్తున్నా."

"రేపు వెళ్తున్నా."

"తెలుసు. మన్నూబియా పిన్ని వచ్చి వెళ్లింది. నీ రొట్టెలో ఉప్పు వెయ్యలేదు. అరిచావంటే ఊరుకోను."

అతను అరవలేదు. రొట్టె చప్పగా ఉంది. మొత్తం తిన్నాడు. తర్వాత కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టె మూత ముందేసుకుని, నల్లరంగు డబ్బాలో కుంచె ముంచాడు. జొహ్రా దీపం పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏం రాయాలో చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. 'అనారోగ్యం' అన్నదామె. వద్దన్నాడు. 'సెలవు' అన్నది. అది ఇంకా వద్దన్నాడు.

తెల్లవారుజామున ఖమీస్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి కాఫీ కొట్టులో అప్పుడే దీపం వెలిగింది. గడ్డిమీద మంచు పొడిలా పేరుకుని ఉంది. పసుపుచార బండి రాత్రంతా వాలులో కాకుండా, ఖమీస్ చెప్పినట్టే, చదును నేల మీద నిలబడి ఉంది. దొర్లించే దారి లేకుండా. వెనక ముగ్గురు దుప్పట్లు కప్పుకుని కూచుని ఉన్నారు. మిగతావాళ్లు దారిలో ఎక్కుతారు. ముందు సీట్లో మన్నూబియా, పక్కన స్టీరింగు ముందు నోట్లో దువా చదువుతూ అమ్మార్. ఖమీస్ వెనక తలుపు తీసి, సర్దుకుని, మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"చదవడం అయితే తిప్పు" అన్నాడు.

అమ్మార్ తాళంచెవి తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. మొదటి తిప్పుకే అందుకుని, చలిలో తెల్లగా పొగ వదిలి, స్థిరంగా ఆడింది. వెనక దుప్పట్లలోంచి ఎవరో "అల్‌హమ్దులిల్లా" అన్నారు. మన్నూబియా వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. ఖమీస్ కిటికీ అద్దాన్ని మోచేత్తో తుడిచాడు. బండి కొట్టు ముందు నుంచి కదిలి, కెఫ్ రోడ్డెక్కింది. దాని ఎర్రదీపాలు మలుపు దాకా కనిపించి కనుమరుగయ్యాయి.

మూసిన షట్టరు మీద తాళానికి తీగెతో కట్టిన అట్ట గాలికి మెల్లగా ఇనుముకు కొట్టుకుంటోంది. దానిమీద పెద్ద నల్లటి అక్షరాలతో 'మధ్యాహ్నం తర్వాత ఉంటాను' అని రాసి ఉంది. చివరి అక్షరం దగ్గర రంగు కొంచెం ఎక్కువై కిందికి జారింది. అది ఇంకా ఆరలేదు.